క్వారీ గుంటలో తాడు

మే 3
మంచు కరిగి నెలైనా నీళ్ళు కొరికేస్తున్నాయి. కనుచూపు రెండడుగులు. డైవింగ్ నేర్చుకునేవాళ్ళు నలుగురు, అందరూ మా ఊరి వాలంటీర్ ఫైర్‌మెన్లే, జీతం లేనివాళ్ళు. నేర్పేదీ, దిగినవాడి నడుముకు కట్టిన తాడు ఒడ్డున పట్టుకునేదీ నేను. నేను ఒకసారి లాగితే బాగున్నావా అని. అటు నుంచి ఒకసారి లాగితే బాగున్నానని. నాలుగుసార్లు లాగితే పైకి తీయమని. నలుగురూ తలలూపారు.

మే 9, సాయంత్రం 5
కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు.

ఇవాళ బురద లేచి, నీళ్ళలో ఎవరి చెయ్యి వాళ్ళకే కనిపించని పరిస్థితి. డెల్ హాల్వర్సన్ దిగాడు. దాణా మిల్లులో బస్తాలు మోసే మనిషి, నలుగురిలోకీ బలవంతుడు. నిమిషానికోసారి తాడు లాగి అడిగాను. ప్రతిసారీ బాగున్నానన్నాడు. కానీ తాడు ఉన్నచోటే ఉంది. ఇక సాయానికి మిగతా ముగ్గురిలో కర్టిస్‌ని దింపబోతుంటే డెల్ తనే పైకి తేలాడు. సిలిండర్‌లో గాలి అడుగంటింది. కాలికి మూడు చుట్లు గాలపు దారం.

తొమ్మిది నిమిషాలు చిక్కుకుని, కత్తితో కోసుకుంటూ, తొమ్మిదిసార్లు బాగున్నానని చెప్పాడు!

చిక్కుకున్నందుకు కాదు నా కోపం. గుడ్డి నీళ్ళలో నాకున్న కన్ను ఆ తాడొక్కటే. మూడో నిమిషంలోనే అనుమానం వచ్చింది. అయినా నమ్మాను. ఆ కోపం ఎవరి మీద చూపించను?

డెల్ పాసైనట్టు సంతకం పెట్టను.

మే 10
మా ఫైర్‌మెన్ల చీఫ్ పెకారెక్ ఇంటికొచ్చాడు. డెల్ బెదరలేదు, తన చిక్కు తనే విడిపించుకున్నాడు, ఇంకేం కావాలన్నాడు. పోయిన వేసవిలో ఓ పిల్లవాడు మునిగితే, జిల్లా మొత్తానికీ ఉన్న కౌంటీ డైవింగ్ దళం రావడానికి రెండు గంటలు పట్టింది. అది నేనూ మరచిపోలేదు. నలుగురు డైవర్లు లేనిదే మా ఊరికి సొంత దళం ఇవ్వరు. అయినా కుదరదన్నాను.

"నువ్వూ పుస్తకం చూసి నేర్చుకున్నోడివేగా. నీకెవరు పెట్టారయ్యా సంతకం?"

తలుపు తీసి పట్టుకున్నాను. వెళ్ళిపోయాడు.

మే 11
తాడు కడిగి, సామాన్ల షెడ్డులో ఆరేశాను.

మే 13
డెల్ షెడ్డుకు వచ్చాడు. టోపీ చేతిలో నలుపుతూ ఆ రోజు ఎందుకు లాగలేదో చెప్పాడు. నాలుగుసార్లు లాగితే ఒడ్డున కర్టిస్ చూస్తాడట. ఇద్దరిదీ ఒకే మిల్లు, ఇక రిటైరయ్యేదాకా అక్కడ అదే వెక్కిరింతట. అయితే మిల్లులోనే ఉండు, నీళ్ళలోకి రాకు అన్నాను. కదల్లేదు. శనివారం రమ్మన్నాను.

మే 16
డెల్ దిగాడు. మూడో నిమిషంలో తాడు నాలుగుసార్లు కదిలింది. రెండు చేతులా లాగేశాను. కాలికి ఏ దారమూ లేదు. సిలిండర్ నిండుగా ఉంది. ఏమైందని అడిగాను.

"ఏం కాలేదు. భయమేసింది, అంతే."

"మీ అమ్మకి ఫోన్ చెయ్యమంటావా డెల్?" అన్నాడు కర్టిస్. మిగతా ఇద్దరూ పడీపడీ నవ్వారు. ట్రక్కు బానెట్ మీదే కాగితం పరిచి సంతకం పెట్టాను.

చీఫ్ ఆ కాగితం తీసుకుని డెల్ పేరు కొట్టేశాడు. పిరికివాళ్ళకు తన దళంలో చోటు లేదట. పోయిన వారం అబద్ధానికి చోటు దొరికింది. ఇవాళ నిజానికి లేదు.

నేను అరిచే మనిషిని కాను. ఇవాళ గొంతు పోయేలా అరిచాను. ఏమన్నానో అంతా గుర్తులేదు. చివర్న అన్నది గుర్తుంది: "నాలుగో డైవర్ని నేనవుతాను. నా తాడు డెల్ పట్టుకుంటాడు. ఇంకెవరు పట్టుకున్నా దిగను."

చీఫ్ ఎర్రబడ్డాడు. డెల్ పేరు కొట్టేసిన చోట నా పేరు రాసుకున్నాడు.

మే 23
నీళ్ళు కటిక నలుపు. పన్నెండో నిమిషంలో భయమేసింది, నాలుగుసార్లు లాగాను. పదిహేడేళ్ళుగా దిగుతున్నాను, ఎప్పుడూ లాగలేదు.

డెల్ పైకి తీశాడు. ఏమైందని అడగలేదు.