పన్నెండో పేరు

రమణీ,

ఇరవై మూడు పరిశోధన పేపర్లు రాసిన మేనకోడలికి అత్త రాస్తున్న ఒకే ఒక్క ఉత్తరమిది, ఓపిగ్గా చదువు.

నువ్వు పంపిన పేపర్ల జాబితా అందింది. మీ మావయ్య దాన్ని అరకు సంతలో కనిపించిన వాళ్ళందరికీ చూపించాడు. ఒక్కో పేపరుకి పదకొండేసి పేర్లా? మన చోడిచేను కోతకి కూడా అంతమంది రారే! మీ లేబు పెద్ద సారు పేరు ఆఖర్న ఉంటుందని నువ్వు చెప్పావంటే మావయ్య నమ్మడు. "ఆకర్నొచ్చినోడు అంబలి తాగడానికొచ్చినట్టే గదేటి" అంటాడు.

పంతొమ్మిదో పేపరుని మన బడి కామేష్ మాస్టారు ఫోనులో వెతికి, తెలుగులో చదివి చెప్పారు. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళ నోటి కణాల గురించట. కాఫీ తోటలో గాలికీ వానకీ చుట్ట ఆరిపోకుండా అలా తాగుతామని మాత్రం అందులో లేదు. నన్నడిగితే చెప్పేదాన్ని, పన్నెండో పేరు నాది పెట్టేదానివి.

మానెయ్యమని నువ్వు వచ్చినప్పుడల్లా పోరావు. "నీకేటి తెల్సే గుంటా" అని నేనే నవ్వేశాను.

ఆ పేపర్లో ఒక అంగిలి ఫోటో ఉంది. తెల్లటి మచ్చ, మధ్యలో ఎర్రటి చుక్కలు. నిన్న అద్దం, టార్చి పట్టుకుని నాది చూసుకున్నాను. ఫోటో సరిగ్గానే తీశారు.

సోమవారం పొద్దుటి బస్సుకి విశాఖ వస్తున్నాను. నీ లేబు చూడ్డానికని మావయ్యకి చెప్పాను. చుట్టలు తేవడం లేదు. ఆ పదకొండు మందిలో నోరు చూసే డాక్టరెవరో కనుక్కో. పన్నెండో పేరు వస్తోందని చెప్పి ఉంచు.

మీ అత్త