చెక్క గరిటె

అక్కకు,

"వ్యాయామాలు చేస్తున్నావా, ఎగ్గొడుతున్నావా?" అని ఫోన్‌లో అడిగావు. ఎగ్గొట్టలేదక్కా, అతిగా చేశాను. అదే కొంప ముంచింది.

మణికట్టు కీలు వదులైందని, చుట్టూ కండకు బలం రావాలని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. ముంజేతిని బల్లమీద ఆనించి, చెక్క గరిటె పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పమంది. గరిటె తిప్పడానికి నేనేమన్నా వంటవాడినా? బుద్ధెరిగినప్పటి నుంచి దర్జీని. చేతికి అలవాటైన బరువైతే త్వరగా దారికొస్తుందనుకుని, నువ్వు నాకిచ్చిన పెద్ద కత్తెర పట్టుకుని తిప్పాను. వారం తిరక్కుండానే కీలు మళ్ళీ కలుక్కుమంది.

ఆ అమ్మాయి కోప్పడలేదు. "మిషను మీద కుట్టుకోండి పెద్దాయనా, ఆ కత్తెర మాత్రం ఇక పట్టకండి" అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

చూపు మందగించి, ఇక గుడ్డ కత్తిరించలేనని నువ్వు దాన్ని నా చేతిలో పెట్టిన రోజు, కత్తెర పదును చూసుకున్నానే గాని నీ మొహం చూడలేదు. ఆ రోజు చూడని నీ మొహమే ఇప్పుడు నాకు అద్దంలో కనపడుతోంది.

ఒకసారి కొట్టుకు రా అక్కా. గుడ్డ మీద గీత నేను గీసి, దాని వెంట వేలు నడుపుతాను. నా వేలు పట్టుకుని నువ్వు కత్తిరిద్దువు గాని. నీకు చూపు ఆనదు, నాకు పట్టు నిలవదు. ఇద్దరం కలిస్తే ఒక్క దర్జీ అయినా తేలతాడేమో.

వచ్చేటప్పుడు ఒక చెక్క గరిటె తీసుకురా. మా ఇంట్లోవన్నీ ఇనపవే.

నీ తమ్ముడు