సారు కొట్టెయ్యని పేరు

ఆగస్టు, గురువారం

ఈ రోజు తొమ్మిదో తరగతికి ఒక పట్టిక చెప్పాను. ఏ దేశంలో హైస్కూలు పిల్లల్లో ఆడపిల్లల వాటా ఎంతో అందులో ఉంది. మన దేశం దగ్గరికి రాగానే మహేశ్వరి లేచింది.

"మేడమ్, గీ లెక్కల పద్మ గూడ ఉంటదా? క్రాసింగుకు పోతున్నది గద."

పద్మ ఈ తరగతి పిల్లే, కొన్నాళ్లుగా బడికి రావట్లేదు. రిజిస్టర్‌లో పేరుంటే లెక్కలో ఉన్నట్టే అన్నాను.

తొమ్మిదిలో నేనూ ఒక సీజనంతా బడి మాని, మల్దకల్ చేన్లలో క్రాసింగు చేశాను, విత్తనాల కోసం పెంచే సీడుపత్తి పూలకు పుప్పొడి అద్దాను. బళ్లో ఇక పేరుండదనుకున్నాను. తిరిగి వెళ్తే లెక్కల సారు రిజిస్టర్ చూపించి, "కొట్టెయ్యలే బిడ్డా, పోయి కూసో" అన్నారు. ఆ మాట మీదే నా చదువు, ఈ ఉద్యోగం.

సాయంత్రం పద్మ వాళ్ల చేనికి వెళ్లాను. వాళ్లమ్మ పని ఆపకుండానే అంది: "పువ్వుకు పొద్దుగాల్నే అద్దాలె, బడి గూడ పొద్దుగాల్నే. నన్నేం జెయ్యమంటవ్ మేడమ్?"

రిజిస్టర్‌లో పద్మ పేరు ఇంకా ఉందని మాత్రం చెప్పాను. పద్మ పూల పసుపంటిన వేళ్లు తుడుచుకుంటూ, "సోమవారం వస్త" అంది.

వస్తుందో, రాదో. పలకని నా పేరును సారు ఎన్ని ఉదయాలు పిలిచి ఉంటారు! రేపు హాజరులో నేనూ పద్మ పేరు పిలుస్తాను.