సీటు పట్టుకున్న చెయ్యి

రాజ్యం,

నిన్న నీ సంవత్సరీకం పెట్టారు. గారెలు రాళ్లలా ఉన్నాయి. నువ్వుంటే వంటాయనకు చీవాట్లు పడేవి. నేను రాస్తున్నది ఆ సంగతి కాదు. ఇవాళ ఎండ ముదరక ముందే, పటమటలో మీ వీధిలోనే, నీ మనవరాలికి సైకిల్ నేర్పబోయాను.

గులాబీరంగు సైకిల్, ముందు బుట్ట, వెనక అటూ ఇటూ రెండు బుల్లి చక్రాలు. నాలుగు చక్రాలుంటే మా రోజుల్లో తోపుడుబండి అనేవాళ్లమని చెప్పి, ఆ రెండూ ఊడదీయించాను. చల్లపల్లిలో మనకు పిల్లల సైకిలెక్కడిది? వేసవి సెలవుల్లో నాన్నగారి సైకిల్నే, అడ్డకమ్మీ కిందుగా కాలు దూర్చి, వంకరగా వేలాడుతూ తొక్కాం. సీటు పట్టుకున్నానని చెబుతూనే నిన్ను కాలవగట్టు మీద వదిలేశాను. వెనక్కి తిరిగి చూసి పడ్డావు. మోచెయ్యి చీరుకుపోయినా, "అబద్ధాలకోరుదానా, నేను తొక్కేశానే!" అని అరిచావు.

ఇవాళ నీ మనవరాలూ అడిగింది: "పెద్దమ్మమ్మా, పట్టుకున్నావా?"

"పట్టుకున్నానే తల్లీ."

నిజంగానే పట్టుకున్నాను. వీధి చివరిదాకా రొప్పుతూ వెంట నడిచాను. చివరికి అదే విసుక్కుంది: "వదులు పెద్దమ్మమ్మా! నువ్వు పట్టుకుంటే నాకు రాదు."

వదలాలని నాకూ తెలుసు. కిందటేడు ఆస్పత్రిలో, "ఇంటికెళ్లి స్నానం చేసి రావే అక్కా" అన్నావు. నీ చెయ్యి వదిలి వెళ్లాను. తిరిగొచ్చేసరికి నువ్వు లేవు.

నేర్పే పని రేపటి నుంచి నీ కూతురికి అప్పగించాను.

అక్క