నిదానమైన తాళం

లింగమూర్తి మామకు గోడాదరా బస్తీ నుంచి మీ అల్లుడు దండం పెట్టి రాసేది.

మన భజన మండలికి పెద్దగా ఉండమని పన్నెండేళ్ల కిందట మీరు నా చేతికిచ్చిన కంచు తాళాలను పోయిన నెల మండలిలో పాడే కనకవ్వకు అప్పగించాను. మిమ్మల్ని అడగకుండా ఇచ్చాను కాబట్టి కారణం చెప్పాలి.

ఆ శనివారం లూమ్స్ కార్ఖానాలో డ్యూటీ దిగేసరికి ఆలస్యమైంది. గుడికి వెళ్లేటప్పటికే భజన మొదలైంది. గుమ్మంలో నిలబడి చూశాను. అందరి చేతులూ హుషారుగా ఆడుతున్నాయి. నేను కూర్చుని తాళం అందుకోగానే అన్నీ నిదానమయ్యాయి.

తర్వాత అడిగితే కనకవ్వ తల దించుకుంది. "మిషన్ల చప్పుడుకు మీ చెవులు మందమైనయి గదన్నా. మీకు అందాలని మేమే జర ఆగుకుంట పాడుతున్నం" అంది. నాలుగేళ్లుగా ఇంతేనట. నడిపిస్తున్నది నేనే అనుకున్నాను.

ఇప్పుడు చాపలు పరిచి వెనక కూర్చుంటున్నాను. పాట ఎవరికి వస్తే వాళ్లే ఎత్తుకుంటున్నారు. బాగుంది. ఒక్కటే ఇబ్బంది. కనకవ్వ పాట మధ్యలో వెనక్కి తిరిగి, పాట కంటే వెనకబడ్డ నా పెదవులు చూసి తాళం నిదానం చేస్తోంది. వద్దంటే వినదు. మీరైనా ఆమెకు ఒక ముక్క రాయండి.