యాలకులు లేని ఆపిల్

ఆదివారం రాత్రి, పెండిల్ హిల్

ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ పాఠాలు చెప్పిన నన్ను పట్టుకుని మనవరాలు సహస్ర మోసం చేశావంది!

రేపు దాని హిస్టరీ క్లాసుకి వెయ్యేళ్లు పైబడిన కెల్టిక్ తీపి వంటకం, అంటే పాతకాలం యూరప్ జాతివాళ్లది, కావాలట. ఆపిల్, తేనె, ఓట్స్, వెన్న తప్ప ఇంకేమీ పడకూడదట. సరేనన్నాను. తీరా దించేముందు చెయ్యి అలవాటుకొద్దీ యాలకుల పొడి చల్లేసింది.

"అమ్మమ్మా, దట్స్ చీటింగ్! వాళ్లకి అప్పుడు కార్డమమ్ లేదు. నా మార్క్స్ పోతాయ్!"

"మరి ఈ గ్యాస్ స్టవ్ ఏ కెల్టిక్ రాజు ఇప్పించాడే?"

గిన్నె నా వైపు తోసేసింది.

ఒళ్లు మండుతున్నా మళ్లీ చేశాను, యాలకులు లేకుండా. రుచి చూస్తే ఆపిల్ ఆపిల్‌లాగే ఉంది. బాగుంది కూడా. అదే మింగుడుపడటం లేదు. ఇన్నేళ్లూ నా పాయసాన్ని మెచ్చుకున్నవాళ్లు మెచ్చుకున్నది నా చేతినా, యాలకులనా...