సన్న పుస్తకం ముందు చదివినందుకు

జూన్ 9, సోమవారం
ఈ రోజు నుంచి కొత్త జయమణి! మా ఫెబా ప్రాణం పెట్టే ‘ఉప్పుగోడ’ ఇంగ్లీషు నవలలన్నీ చదివి తీరతాను. ఇంటర్లో చేరాక నా కూతురు నాతో మాట్లాడేది రెండే మాటలు: "ఊ", "తెల్దు". అవే పుస్తకాల గురించి ఫ్రెండుతో ఫోన్లో గంటలు గంటలు! నేనూ చదివితే నాతో ఎలా మాట్లాడదో చూస్తాను.

ఏ వరసలో చదవాలని అడిగాను. "ఒకటి, రెండు, మూడు. తర్వాత పాతకాలం కథ. ఆఖర్న స్పిన్ఆఫ్. వరస తప్పకమ్మా" అంది. ఒక్కసారే ఇన్ని మాటలు! దేవునికి స్తోత్రం.

జూన్ 10
మొదటి పుస్తకం. భవిష్యత్తులో ఏదో నగరం. పదహారేళ్ళు నిండిన పిల్లలు ఏ పని చేయాలో సర్కారే చెబుతుంది. ఎదురు తిరిగితే గోడ అవతలికి గెంటేస్తుంది. ఏబెల్ అనే కుర్రాడు ఎదురు తిరిగాడు. బంగారు కొండ! ఇరవై పేజీలు అయ్యాయి.

జూన్ 12
నాలుగు పేజీలు. జాలరిపేట పోతమ్మ కానాగంతలు తెచ్చింది. ఆలస్యమైతే చేపలు పాడవుతాయి, పుస్తకం పాడవదు కదా!

జూన్ 14
అసలు ఈ వరస పెట్టిందెవరు? నెట్లో చూస్తే పాతకాలం కథే ముందు చదవమని కొందరు, చంపినా వద్దని కొందరు. కొట్టుకు చస్తున్నారు. మా ఆయన దేవకుమార్ స్టీల్ ప్లాంటు డ్యూటీకి వెళ్తూ, "ఏదో ఒకటి సదువే, పరీచ్చేటైనా ఉందేటి?" అన్నాడు. నిజమే! అన్నిట్లోకీ స్పిన్ఆఫ్, అంటే ఏబెల్ వాళ్ళమ్మ గురించిన విడి కథ, సన్నగా ఉంది. అదే తీశాను.

జూన్ 15, ఆదివారం
అయిపోయింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచింది. సాయంత్రం మా ఇంట్లోనే ప్రార్థన కూటం. నడిపించే సువార్తమ్మ ఆంటీ నన్ను చూసి, "ఏటయిందమ్మా? ప్రార్థన మనవి ఏటున్నా సెప్పు" అన్నారు. నోరు ఆగలేదు.

"ఏబెల్ అండీ... పద్దెనిమిదేళ్ళు. గోడ దగ్గర కాల్చేశారు. వాళ్ళమ్మ ఒక్కర్తీ అయిపోయింది."

కూటమంతా ఘొల్లున ఏడ్చింది. ఆ తల్లి ఆదరణ కోసం ఆంటీ మోకరించి కన్నీళ్ళతో ప్రార్థించారు. మా ఆయన నా చెవిలో, "ఏ సంఘం కుర్రాడే?" అన్నాడు.

అప్పుడు లేచింది ఫెబా. "అమ్మా! ఏబెల్ సచ్చిపోతాడా? టెస్టులయ్యాక సదువుదామని నాను మూడోది దాసుకున్నాను!"

గదిలోకి పోయి తలుపు ధడేలున వేసుకుంది.

జూన్ 16
ఇప్పుడు "ఊ" కూడా లేదు. అన్నం తినలేదు. ఏబెల్ వాళ్ళమ్మను చూడ్డానికి ఎప్పుడెళ్దామని సువార్తమ్మ ఆంటీ ఫోన్! నిజం చెప్పేశాను. "పోన్లేమ్మా, ప్రార్థనైతే సేసేసాం. అవసరమున్న తల్లి ఎవురికో ఒకరికి సేరుద్దిలే" అన్నారు.

ఇక ఈ పుస్తకాలు ముట్టను. నా మొహానికి పుస్తకాలొకటి!

జూన్ 18
ఫెబా వంటింట్లోకి వచ్చింది. "వరస సెప్పాను కదమ్మా! ఎందుకలా సేసేవ్?" అని మొదలెట్టింది. స్పిన్ఆఫ్ ఆఖర్నే ఎందుకు చదవాలో, ఏబెల్ ఎంత మంచివాడో చెబుతూ చడామడా వాయించేసింది. తిరగమోత మాడింది. స్టవ్ కట్టేసి వింటూ కూర్చున్నాను. ఎంత సంతోషమో! ఇంకాసేపు తిడితే బాగుండుననిపించింది.

"రేపు మళ్ళీ మొదట్నుంచి సదువు. నా ఎదురుగా" అంది.

జూన్ 19
మళ్ళీ మొదలు! మొదటి పుస్తకం, మొదటి పేజీ. ఎదురుగా కూర్చున్న ఫెబా కాసేపటికి నా పక్కకి జరిగి, తనూ చదవడం మొదలెట్టింది. పేజీ తిప్పబోయాను. చెయ్యి పట్టుకుంది.

"ఆగమ్మా, నాకింకా అవ్వలేదు."

ఆగాను.